అరుగు కింద నత్తల రాయి



కోనసీమ కుర్రాడికి చెట్టు మీది మామిడికాయ కొట్టాలనిపిస్తే ముందు రాయి వెతుక్కోవాలి. చేతికి దొరికేది మట్టిబెడ్డ. అది విసిరితే సగం దారిలోనే పొడై మన కళ్ళలోనే పడుతుంది. అక్కడి నేలంతా గోదారి తెచ్చి పోసిన ఒండ్రు. ఎంత తవ్వినా మట్టి, ఇసుక, ఆ తరవాత నీళ్ళు. మరి ఇంట్లో రోలు, సన్నికల్లు, తిరగలి, గుళ్ళో నంది, లాకుల దగ్గర కాలువ గట్టుకి పేర్చిన రివిట్‌మెంటు రాళ్ళు, ఇవన్నీ ఎక్కణ్ణించి వచ్చాయంటే ఎవరో ఒకరు మోసుకొచ్చినవే. నేను ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా ముప్పై ఏళ్ళు కాలవ గట్ల మీద తిరిగినవాణ్ణి. ఒక్కో రాయి డెల్టాలోకి దిగడానికి ఎంత కిరాయి అవుతుందో నాకు బాగా తెలుసు.

అందుకే అంబాజీపేట పక్క ఊళ్ళో మా తాతగారి మండువా లోగిలి పడగొట్టేటప్పుడు, వీధి అరుగు కింద పునాదిలోంచి ఆ రాయి బయటపడితే నాకు నిద్ర పట్టలేదు. అరచెక్క కొబ్బరికాయంత ఉంది. ఒక పక్క బూడిదరంగు తెలుపు. ఆ తెలుపులో చిటికెన వేలి గోరంత, బియ్యపు గింజంత మెలికలు, మరమేకుల్లాగా, గుత్తులు గుత్తులుగా. రెండో పక్క నల్లగా, చిన్న చిన్న బొక్కలతో. పలుగు పట్టుకున్న కూలీ దాన్ని తిప్పి చూసి "నత్తల రాయండీ బాబూ" అని నా చేతిలో పెట్టాడు. ఆ తరవాత మూడు నెలలు మేమందరం పడ్డ శ్రమంతా కలిపి చూసుకుంటే, ఆ మొదటి మాటకి చేర్చగలిగింది కొంచెమే.

మా పిన్ని మటుకు చూడగానే కళ్ళకద్దుకుంది. "ఒరే అబ్బాయ్, ఇది సాలగ్రామంరా. మావగారు పునాదిలో వేయించి ఉంటారు. తులసికోటలో పెడతాను, ఇలా తే" అంది. పిన్ని మాట కొట్టిపారేయదగ్గది కాదు. నేపాల్‌లో గండకీ నదిలో దొరికే సాలగ్రామాలు కూడా ఒకప్పటి సముద్రజీవుల శిలాజాలే. అమ్మోనైట్లని, చుట్ట చుట్టుకున్న గుల్లలో బతికిన జీవాలు. తరతరాలుగా మన దేవుడి గూళ్ళలో శిలాజాలు పూజలందుకుంటున్నాయన్నమాట. కానీ సాలగ్రామంలో ఉండేది ఒక్కటే పెద్ద చక్రం. ఇందులో ఉన్నవి వందల కొద్దీ మరమేకులు.

సరే, రాయి పట్టుకుని రాజమండ్రి వెళ్ళాను. అక్కడ మాకు చిన్న జట్టు ఒకటుంది. రాళ్ళు ఏరుకునే పిచ్చి ఉన్న నలుగురైదుగురం ఆదివారం పొద్దున్న గోదారి గట్టున కలుస్తాం. కాలేజీలో జియాలజీ చెప్పి రిటైరైన మాస్టారు ఒకరు. నగల పని చేసే ఆచారిగారు ఒకరు. రైల్వేలో ట్రాకు పని చూసినాయన ఒకరు. కాకినాడ నుంచి వచ్చే గవ్వల మనిషి ఇంకొకాయన; ఆయన ఇంట్లో బియ్యం డబ్బాల కంటే గవ్వల డబ్బాలు ఎక్కువ. మేం సుత్తి, భూతద్దం పట్టుకుని క్వారీల వైపు నడిస్తే జనం అడిగే ప్రశ్న ఒక్కటే: "రంగురాళ్ళా, గుప్తనిధులా?" ఏజెన్సీ వైపు రంగురాళ్ళ కోసం దొంగ తవ్వకాలు జరుగుతుంటాయి, బియ్యాన్ని లాగే రాయి అంటూ రైస్ పుల్లింగ్ మోసాలూ చూశాం. వాళ్ళు అలా అడగడంలో తప్పు లేదు.

నేను గొప్పగా సంచి విప్పి రాయిని తీశాను. ఎంత శుభ్రంగా తీసుకెళ్ళానంటే, ముందు రోజు రాత్రి బాత్రూం కడిగే యాసిడ్ పోసి, ఇనప బ్రష్‌తో రుద్ది, తళతళలాడించాను. మాస్టారు రాయి వైపు చూడకుండా నా వైపు చూశారు.

"ఎక్కడ దొరికిందండీ?"

చెప్పాను.

"దీనికి అంటుకుని ఉన్న మట్టి ఏదండీ?"

కడిగేశానన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరవాత నెమ్మదిగా "సాక్షిని తెమ్మంటే స్నానం చేయించి, నోరు కడిగించి తెచ్చారు" అన్నారు. రాయికి అంటుకున్నది సున్నపు గచ్చా, ఒండ్రు మట్టా, సముద్రపు ఇసకా అన్నది తెలిస్తే సగం కథ అక్కడే తెలిసేది. పైగా యాసిడ్ తగిలి ఆ మరమేకుల అంచులు కొన్ని కరిగిపోయాయి. రాళ్ళు ఏరే శ్రోతలెవరైనా ఉంటే ఇదొక్కటి గుర్తుంచుకోండి: దొరికిన రాయిని కడక్కండి. ఫోటో తీస్తే పక్కన రూపాయి బిళ్ళ పెట్టండి, లేకపోతే అది బండరాయో గులకరాయో చూసేవాడికి అర్థం కాదు. ఏ ఊళ్ళో, ఎంత లోతులో, దేని కింద దొరికిందో అప్పటికప్పుడే చీటీ మీద రాసి పెట్టుకోండి.

ఇక పరీక్షలు మొదలయ్యాయి.

మొదట ఆచారిగారు అందుకున్నారు. నగల వాళ్ళకి రాయితో ఉన్న చనువు పుస్తకాల్లో ఉండదు. బంగారాన్ని గీటురాయి మీద గీసి రంగు చూడటం వాళ్ళ కులవిద్య. రాళ్ళ శాస్త్రంలో గీత పరీక్ష అన్నది కూడా అదే. కాకపోతే నల్లరాయి బదులు మెరుగు లేని తెల్ల పింగాణీ పలక కావాలి. బాత్రూం టైలు వెనక వైపు చాలు. ఇనప ఖనిజమైన హెమటైటు ఎంత నల్లగా మెరిసినా గీస్తే ఎర్రటి గీత పడుతుంది. మా రాయి తెల్ల పక్క తెల్లగానే గీసింది. నల్ల పక్క బూడిదరంగు గీత ఇచ్చింది. హెమటైటు కాదని ఒక అనుమానం తీరింది, ఇనప చిట్టెమేమో అన్న అనుమానం మిగిలింది. చిట్టెం అంటే కొలిమిలో ఇనుము కరిగించాక మిగిలే తెట్టె. అదీ ఇలాగే బొక్కలు బొక్కలుగా, బరువుగా ఉంటుంది. "ఉల్క దొరికింది" అని మా దగ్గరికి తెచ్చిన రాళ్ళలో చిట్టెం ముక్కలే ఎక్కువ.

ఆచారిగారి అసలు విద్య తరవాత చూశాం. రాయిని దారంతో కట్టి తక్కెడకి వేలాడదీశారు. గాల్లో తూకం 812 గ్రాములు. కింద నీళ్ళ గిన్నె పెట్టి, రాయి పూర్తిగా మునిగేలా, అడుగు తగలకుండా తూచితే 517. తేడా 295. మొదటి తూకాన్ని తేడాతో భాగించారు. రెండు ముప్పాతిక వచ్చింది. అంటే అంతే పరిమాణమున్న నీళ్ళ కంటే అన్ని రెట్లు బరువు. ఇనప ఉల్కైతే ఏడు దాటాలి, రాతి ఉల్కైనా మూడు దాటుతుంది. ఇది మామూలు నేల రాయే. నాకు లోపల కొంచెం నిరాశ కలిగిన మాట దాచను. ఉల్కే అయితే జియలాజికల్ సర్వేకి అప్పగించాలని తెలిసి కూడా, పేపర్లో ఫోటో పడుతుందని మనిషి ఆశ.

రైల్వే ఆయన నల్ల పక్కని చూసి ఒక్క మాటలో తేల్చేశారు. "ఇది కంకరండీ. పంగిడి కంకర. ఎన్నేళ్ళు పట్టాల కింద పోయించాం!" అయస్కాంతం దారానికి కట్టి దగ్గర పెడితే కొంచెం వంగింది. ఆ కంకర బసాల్టు అనే నల్లరాయి, అందులో సన్నని మాగ్నటైటు రేణువులు ఉంటాయి కాబట్టి అలా వంగుతుంది.

గవ్వలాయన ఒప్పుకోలేదు. "కోనసీమలో సున్నం దేంతో చేసేవారండీ? గుల్లతో. సముద్రం ఒడ్డునించి గుల్ల తెచ్చి బట్టీ పెట్టి కాల్చేవారు. ఆ గుల్ల కొంత కాలకుండా మిగిలి, గచ్చులో గడ్డకట్టి ఇలా అయ్యుంటుంది. మీ తాతగారి పునాది గానుగ సున్నమే కదా?" అన్నారు. ఆ మాటలో బలం ఉంది. మా ఇంటి గోడలు గానుగలో ఎద్దుల్ని తిప్పి నూరిన సున్నంతో కట్టినవే.

అందరికీ తోచిన ఉపాయం నిమ్మకాయ. సున్నపురాయి మీద పులుపు పడితే బుసబుస నురగ వస్తుంది. పిండాం. నురగ వచ్చింది. రైల్వే ఆయన చప్పట్లు కొట్టారు. గవ్వలాయన జేబులోంచి ఉప్పాడలో ఏరిన గవ్వ తీసి దాని మీద పిండారు. అదీ నురగే! రాయి కూడా కాల్షియం కార్బొనేటు, గవ్వ కూడా కాల్షియం కార్బొనేటు. అందరం గొప్పగా నమ్ముకున్న పరీక్ష ఇద్దరి పక్షానా సాక్ష్యం చెప్పి కూర్చుంది. రాగి బిళ్ళతో గీకి గట్టితనం చూద్దామంటే అందులోనూ రెండింటికీ పెద్ద తేడా లేదు.

అప్పటిదాకా మాట్లాడని మాస్టారు భూతద్దం తీశారు. పదింతలు పెద్దది చేసి చూపించేది. విరిగిన అంచు దగ్గర ఒక మరమేకు అడ్డంగా తెగి ఉంది. "లోపల ఏం కనపడుతోందో చెప్పండి" అని నాకిచ్చారు. కన్ను ఆనించి చూస్తే పటికబెల్లం పలుకుల్లాంటి మెరుపు. గుల్ల లోపల ఖాళీ లేదు. ఇసకా లేదు. స్ఫటికాలు పెరిగి నిండిపోయి ఉంది. ఆ తరవాత నల్ల పక్కకి తిప్పించారు. బొక్కలు కొన్ని ఖాళీ, కొన్నింట్లో తెల్లటి పదార్థం నిండి ఉంది. తెలుపూ నలుపూ కలిసే చోట గచ్చు లేదు, అతుకు లేదు. "సున్నపు బట్టీ నల్లరాతికి నత్తల్ని ఇలా అతికించలేదండి" అన్నారు. గవ్వలాయన భూతద్దం లాక్కుని పావుగంట చూశారు. చూసి, "ఆయ్" అన్నారు. గోదారి జిల్లాల వాళ్ళకి ఆ ఒక్క మాటకి ఎన్ని అర్థాలున్నాయో తెలుసు. ఆ పూట దానికి 'సరే, ఓడిపోయాను' అని అర్థం.

ఇంతకీ నల్లరాతికీ నత్తలకీ ఏం చుట్టరికం?

పై ఆదివారం వంతెన దాటి కొవ్వూరు మీదుగా పంగిడి వెళ్ళాం. ఆ దారిలోనే నిర్మలగిరి మేరీమాత క్షేత్రం ఉన్న గౌరీపట్నం, ఆపైన దుద్దుకూరు. అవన్నీ చిన్నప్పటి నుంచి పశ్చిమ గోదావరి అనుకున్న ఊళ్ళు, 2022లో తూర్పు గోదావరిలోకి వచ్చాయి. క్వారీ యజమానిని అడిగి, ఆయన సరేనన్నాకే దిగాం. కింద నల్లటి రాతి గోడ. దాని మీద తెల్లటి పట్టీలాగా సున్నపురాతి పొర. దాని మీద మళ్ళీ నల్లరాయి. రెండు నల్ల దుప్పట్ల మధ్య తెల్ల పంచె మడత పెట్టినట్టుంది. అక్కడ పని చేసే కుర్రాణ్ణి "ఈ తెల్లది ఏం చేస్తారు బాబూ" అని అడిగితే, "మాకక్కర్లేదండీ, పక్కకి తోసేస్తాం. నత్తలుంటాయండి అందులో" అన్నాడు. వాడికి తెలుసు! భూతద్దం, తక్కెడ, నిమ్మకాయ ఏవీ అక్కర్లేకుండానే తెలుసు.

ఆ గట్టు మీద కూచుని మాస్టారు చెప్పిన సంగతి మీకూ చెప్పాలి. ఆ నల్లరాయి చల్లారిన లావా. పుట్టింది ఇక్కడ కాదు. పడమటి కనుమల వైపు, మహాబలేశ్వరం ప్రాంతంలో, సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ కిందట నేల నెర్రెలిచ్చి లావా పొంగింది. దక్కను పీఠభూమిని కప్పేసిన ఆ లావాలో కొంత పాత నదీలోయల వెంబడి తూర్పుకి పారి, దాదాపు వెయ్యి కిలోమీటర్లు వచ్చి రాజమండ్రి దగ్గర అప్పటి సముద్రతీరాన ఆగింది. భూమ్మీద అంత పొడుగు పారిన లావా ఇంకెక్కడైనా ఉందా అని స్టీఫెన్ సెల్ఫ్, ఆయన తోటి పరిశోధకులు 2008లో ఒక వ్యాసానికి పేరే ప్రశ్నగా పెట్టారు. మన గోదారి పుట్టిన త్ర్యంబకం దగ్గరి బ్రహ్మగిరి కూడా ఆ దక్కను నల్లరాయే. నీళ్ళు ఇప్పుడు వస్తున్న వైపు నుంచే నిప్పు ఎప్పుడో వచ్చి వెళ్ళింది.

ఒక లావా పొంగుకీ ఇంకో పొంగుకీ మధ్య బోలెడు కాలం విరామం. ఆ విరామంలో ఇక్కడ ఏటి మొగలూ, ఉప్పుటేరులూ, లోతు తక్కువ సముద్రమూ. వాటిల్లో బతికిన నత్తలూ, గుల్లలూ చచ్చి అడుగున పేరుకుని సున్నపురాయి అయ్యాయి. దాని మీదికి మళ్ళీ లావా వచ్చింది. నది ఈవల, రాజమండ్రిని ఆనుకుని ఉన్న కాతేరు దగ్గర కూడా ఇదే వరస. దుద్దుకూరు వైపు మొదటి లావా కిందే ఇంకో సున్నపురాతి పొర ఉంది, అందులో ఈ మరమేకు జాతి నత్తలు, టరిటెల్లాలు, దొరుకుతాయి.

ఈ పొరల కోసం ప్రపంచం మన క్వారీల దాకా వచ్చింది. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన గెర్టా కెల్లర్, మన దేశపు శాస్త్రజ్ఞులు కలిసి ఈ తెల్ల పొరలో సూక్ష్మజీవుల గుల్లలు వెతికారు. కంటికి ఆనని ఫొరామినిఫెరాలు. డైనోసార్లు అంతరించిన వెంటనే సముద్రంలో కొత్తగా తలెత్తిన జాతులు ఈ పొరలో ఉన్నాయని 2008లో ప్రకటించారు. అంటే కింది నల్లరాయి పారడం ముగిసేసరికి డైనోసార్ల కాలమూ ముగిసింది. వాటిని చంపింది మెక్సికోలో పడ్డ గ్రహశకలమా, మన దక్కను లావా పొగలా అన్న తగువులో పంగిడి, గౌరీపట్నం ఎప్పుడూ హాజరవుతూనే ఉంటాయి. కంకర లారీలు మాత్రం ఆగవు. ఆగాలని నేనూ అనను, రోడ్లు కావాలి. కానీ ఒక్క క్వారీ గోడనైనా అలాగే ఉంచి పిల్లల్ని తీసుకొచ్చి చూపిస్తే ఎవరి సొమ్ము పోతుంది?

మా లాంటి పిచ్చివాళ్ళు ఇంతకు ముందూ ఉన్నారు. 1835లో ఉత్తర సర్కార్ల గుండా ప్రయాణించిన బెంజా అనే ఆయన వృత్తికి వైద్యుడు. దారి పొడుగునా రాళ్ళు చూసుకుంటూ వెళ్ళి మద్రాసు పత్రికలో రాశాడు. నిర్మల్ కొండల్లో రాతినత్తలు ఏరి లండన్ పంపిన మాల్కమ్సన్ కూడా వైద్యుడే. స్టీఫెన్ హిస్లాప్ నాగపూర్‌లో మిషనరీ. రాజమండ్రి నత్తల్ని నాగపూర్ నత్తల పక్కన పెట్టి పోల్చి 1860లో వర్ణించాడు. ఎవరికి వారే దొరికింది తెలిసినవాడికి పంపి, అడిగి తెలుసుకున్నారు. ఉద్యోగరీత్యా రాళ్ళు చూసిన విలియం కింగ్ తరవాత వచ్చి గోదావరి జిల్లా పొరలకి పేర్లు పెట్టాడు. ఆయన పెట్టిన పేర్లలో తిరుపతి ఇసకరాయి అంటే ఏడుకొండల తిరుపతి అనుకునేరు, అది మన ద్వారకా తిరుమల, చిన్న తిరుపతి. ఒక పరీక్షలో దీన్ని చిత్తూరు జిల్లా అని రాసి మార్కులు పోగొట్టుకున్న శిష్యులు తనకి చాలామంది ఉన్నారని మాస్టారు నవ్వుతారు.

అంతా విన్నాక నా ప్రశ్న మళ్ళీ మొదటికొచ్చింది. రాయి పంగిడిదో కాతేరుదో అయితే అంబాజీపేట అరుగు కిందికి ఎలా వచ్చింది? దీనికి మటుకు జవాబు నా దగ్గరే ఉంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక తవ్విన కాలువలు సాగుకే కాదు, పడవలకీ. లాకులు కట్టింది పడవలు దిగడానికే. ధాన్యం, కొబ్బరికాయలు పైకి వెళ్తే, తిరుగు పడవలో పునాదిరాయీ, సున్నమూ, కలపా వచ్చేవి. మా తాతగారు పునాదికి రాయి పడవలో తెప్పించారని మా నాన్న చెప్పేవారు. ఆ బండల్లో పనికిరాని తెల్లముక్క ఒకటి కలిసి వచ్చి ఉంటుంది. తాపీమేస్త్రి దాన్ని అరుగు కింద సందు పూడ్చడానికి వాడేశాడు.

"కోనసీమలో రాయి పుట్టదు కదండీ, అంత దూరం నించి రావాల్సిందే" అని నేను ముగించబోతే, మాస్టారు ఆగమన్నారు. "పుట్టకేమండీ, మీ కిందే ఉంది." ఓఎన్‌జీసీ వాళ్ళు గ్యాస్ కోసం డెల్టాలో బావులు తవ్వినప్పుడు, కిలోమీటర్ల లోతున, ఒండ్రుకీ అనేక పొరల మట్టికీ అడుగున ఇదే లావా తగిలింది. దానికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు రాజోలు ఫార్మేషన్. మా కోనసీమలోనే ఉన్న రాజోలు! పంగిడి దగ్గర నేల మీద కనపడే నల్లరాయి అక్కణ్ణించి సముద్రం వైపు ఏటవాలుగా దిగి, మా కొబ్బరితోటల కింద పడుకుని ఉంది. ముప్పై ఏళ్ళు కాలవ గట్ల మీద తిరిగినవాణ్ణి, నా కాళ్ళ కింద ఏముందో రిటైరయ్యాక తెలిసింది.

చివరికి మాస్టారు చీటీ రాశారు. దొరికిన చోటు: అంబాజీపేట దగ్గర, పాత ఇంటి పునాది. రాయి: నత్తగుల్లల సున్నపురాయి, ఒక పక్క బసాల్టు. పుట్టిన చోటు: పంగిడి, దుద్దుకూరు ప్రాంతమో, కాతేరో. దాని పక్కన ప్రశ్నార్థకం. అది పెన్సిల్‌తో రాశారు. రెండు లావాల మధ్య పొరా, మొదటి లావా కింది పొరా అన్న దగ్గర ఇంకో ప్రశ్నార్థకం. అదీ పెన్సిలే. నేను అంచులు యాసిడ్‌తో కరిగించకపోయి ఉంటే రెండోది తను చెరిపేసేవాణ్ణేమో అని కూడా అన్నారు, అది నాకు తగలాలనే.

రాయి చివరికి పిన్ని పంతమే నెగ్గి తులసికోటలోకే వెళ్ళింది. చీటీ పెట్టనివ్వలేదు, తడిసి పోతుందంది. చీటీ లేని రాయి మూగది అని మాస్టారు ఊరుకోలేదు. స్వయంగా వచ్చి, రాయి మీద ఒక మూల తెల్లరంగు పట్టీ వేసి, ఆరాక దాని మీద ఎర్రసిరాతో తన రిజిస్టరు నంబరు వేశారు. 27. తెల్లటి పట్టీ, మధ్యలో ఎర్రగీతలు. పిన్ని దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుని, "చూశావట్రా, మాస్టారు కూడా నామం పెట్టారు" అంది.